స్లోలో నిలబడని బండి

బందరు రోడ్డు మీద నుంచి ఆటోనగర్ గేటు దాటి లోపలికి మళ్లితే చెవినపడే మొదటి చప్పుడు రేకు మీద సుత్తి దెబ్బ. లారీ బాడీలు కట్టే షెడ్లు, కమాన్‌కట్టలు సరిచేసే కొలుములు, లేత్ పనులు, బోరింగ్ షాపులు, టైర్ల రీట్రెడింగ్, వాటి వెనక స్క్రాప్ గుట్టలు. 1960ల్లో పుట్టిన జవహర్ ఆటోనగర్‌ని పెంచి పెద్దచేసింది లారీ. ఇక్కడ డీజిల్ మాటే చెల్లుతుంది. ఆ మధ్యలోకి ఎప్పుడన్నా ఓ పాత పెట్రోలు కాంటెసా వచ్చి ఆగిందంటే, పక్క షెడ్లలో కుర్రాళ్లు కూడా చేతిలో పాన వదిలి బానెట్ చుట్టూ చేరతారు.

ఓనరు చెప్పేది ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. "హైవే మీద వంద దాటించినా ఏమీ కాదండీ. సిగ్నల్ పడి కాలు తీశామా, ఆగిపోద్ది. స్లోలో నిలబడట్లా."

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ఫిర్యాదు గురించే.

బండి సంగతి ముందు రెండు మాటల్లో. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తరపారాలో 1984లో కాంటెసా తయారీ మొదలుపెట్టారు. మూలం బ్రిటన్ వాక్స్‌హాల్ విక్టర్. మొదట్లో అంత పొడుగు బండికి అంబాసిడర్లో ఉండే 1489 సీసీ ఇంజినే పెట్టారు, అది చాల్లేదు. తర్వాత జపాన్ ఇసుజు 1817 సీసీ ఇంజిన్, అయిదు గేర్లు వచ్చాక బండికి ప్రాణం లేచొచ్చింది. 2002లో తయారీ ఆపేశారు. నికార్సయిన స్పోర్ట్స్ కారే కావాలంటే గోవాలో సాన్ మోటార్స్ 1998లో దింపిన రెండు సీట్ల స్టార్మ్ ఉంది, రెనో ఇంజినుతో. కానీ మన రోడ్ల మీద అది కనబడటమే గగనం. కాంటెసాని స్పోర్ట్స్ కారు అనొచ్చా అని ఎవరన్నా దెబ్బలాటకి వస్తే నేను వాదించను. పాతికేళ్ల కిందట ఏలూరు రోడ్డు మీద అది పోతుంటే తల తిప్పి చూడని కుర్రాడు లేడు, మనకి అది చాలు. పైగా అదే ఇసుజు ఇంజిన్ తర్వాత అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లోనూ పెట్టారు కాబట్టి స్క్రాప్ షాపుల్లో సామాను ఇంకా దొరకబుచ్చుకోవచ్చు.

వంద దాటినా వణకని ఇంజిన్, ఏ పనీ లేనప్పుడు ఎందుకు చస్తుంది? తేలిక పని కదా, తేలిగ్గా చెయ్యాలి కదా అనిపిస్తుంది. స్లోలో ఇంజిన్ చేసే పని బయటికి కనపడదు గానీ పని ఉంది. పిస్టన్లకీ బోరుకీ మధ్య రాపిడి, వాల్వు స్ప్రింగులు, ఆయిల్ పంపు, వాటర్ పంపు, ఆల్టర్నేటర్, వీటన్నిటినీ తిప్పాలి. దానికి సరిగ్గా సరిపడా బలమే పుట్టాలి. కాస్త ఎక్కువైతే రేస్ అవుతుంది, కాస్త తక్కువైతే ఆగుతుంది. మిగులు అనేది లేదు. బండి ఎనభైలో పోతున్నప్పుడు ఒక సిలిండరు రెండుసార్లు మంట తప్పినా మిగతావి, పైగా బండి బరువు మొత్తం, దాన్ని లాక్కుపోతాయి. స్లోలో, నిమిషానికి 850 చుట్ల దగ్గర, అలా లాక్కుపోయేది ఒక్క ఫ్లైవీలే.

ఇప్పుడు కొన్ని లెక్కలు. 1.8 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 5000 చుట్లలో, యాక్సిలేటర్ అడుగంటా తొక్కితే, సెకనుకు 65 గ్రాముల పైనే గాలి పీలుస్తుంది. అదే ఇంజిన్ స్లోలో పీల్చేది సెకనుకు సుమారు రెండున్నర గ్రాములు. ఈ రెండున్నర గ్రాములు వెళ్లడానికి ఎంత దారి కావాలి? 4 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. కార్బరేటర్ గొంతు బొటనవేలు దూరేంత ఉంటుంది, స్లోలో బటర్‌ఫ్లై, అంటే యాక్సిలేటర్‌తో తిరిగే పళ్లెం, దాన్ని మూసేసి అంచున మిగిల్చే సందంతా కలిపితే ఆ 4 మిల్లీమీటర్ల రంధ్రమంతే. అందుకే దొంగదారి ఏదన్నా ఉంటే స్లోలో అంత హడావుడి చేస్తుంది. మానిఫోల్డ్ దగ్గర ఓ పాత రబ్బరు గొట్టం పగిలి 2 మిల్లీమీటర్ల కన్నం పడిందనుకోండి. దాంట్లోంచి సెకనుకి అర గ్రాముకి పైగా గాలి చొరబడుతుంది, అంటే స్లోలో ఇంజిన్ పీల్చే మొత్తంలో అయిదో వంతు పైనే. ఒక పాలు పెట్రోలుకి పదమూడు పాళ్ల గాలితో నిలకడగా మండుతున్న మిశ్రమం ఒక్క దెబ్బతో పదహారు పాళ్లకి పలచబడిపోతుంది. అదే కన్నం, హైవే మీద కాలు తొక్కి ఉన్నప్పుడు? మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు, లాగేవాడే లేడు, పైగా మొత్తం గాలి 65 గ్రాములు. ఆ కన్నం ఉన్నట్టు కూడా తెలీదు. ఓనరు చెప్పిన రెండు ముక్కలూ, హైవే మీద బాగుండటమూ సిగ్నల్ దగ్గర ఆగిపోవడమూ, ఒకే జబ్బుకి రెండు లక్షణాలు.

స్లోలో నడుస్తున్న ఇంజిన్ మానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజీ తగిలిస్తే ముల్లు 18 అంగుళాల దగ్గర నిలబడాలి. బయట గాలి ఒత్తిడి 30 అంగుళాల పాదరసం, లోపల మిగిలింది 12. అంటే బయటి ఒత్తిడిలో లోపల ఉన్నది 40 శాతమే. ఇక్కడే ఒక విచిత్రం జరుగుతుంది. సందుకి అవతలి ఒత్తిడి, ఇవతలి ఒత్తిడిలో దాదాపు 53 శాతం కన్నా కిందికి పడిపోతే సందులోంచి దూరే గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. విజయవాడ ఎండలో లెక్కేస్తే సెకనుకి 320 మీటర్ల దరిదాపు. ఆ పైన అవతల ఇంకెంత లాగినా ప్రవాహం పెరగదు. లోపల ఒత్తిడి తగ్గిందన్న కబురు వెనక్కి రావాలంటే అది ధ్వని వేగంతోనే రావాలి, ఎదురుగా గాలి అదే వేగంతో దూసుకొస్తుంటే కబురు సందు దాటదు. ఎయిర్‌క్లీనర్ తీసేసి కార్బరేటర్ గొంతు దగ్గర చెవిపెడితే వినపడే ఆ సన్నటి సుయ్‌మనే చప్పుడు, ధ్వని వేగాన్ని అందుకున్న గాలిదే.

డెల్టా రైతుకి ఈ సంగతి మరోలా తెలుసు. కాలువ గట్టు తూములోంచి నీళ్లు పంటబోదెలోకి ఎత్తు నుంచి పడుతున్నప్పుడు, బోదెలో మట్టం ఇంకో జానెడు దిగినా తూములోంచి వచ్చే నీరు పెరగదు. అది పైన కాలువ మట్టాన్ని బట్టీ, తూము ఎంత తెరిచారన్నదాన్ని బట్టీ ఉంటుంది, అంతే. వచ్చే నీరు అంతే కాబట్టి కింద వంతు పెట్టుకున్న మడులు తగ్గితే ఒక్కో మడికి ఎక్కువ పారుతుంది, మడులు పెరిగితే తక్కువ.

ఇంజిన్ విషయంలో మడి అంటే ఒక్కో ఇన్‌టేక్ స్ట్రోకు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 850 చుట్లలో సెకనుకి 28 సార్లు గాలి పీలుస్తుంది. హెడ్‌లైట్లు వేశారు, ఆల్టర్నేటర్ బరువెక్కింది, ఇంజిన్ 750కి తగ్గింది. ఇప్పుడు సెకనుకి 25 గుక్కలే. సందులోంచి వచ్చే గాలి మాత్రం అదే రెండున్నర గ్రాములు. కాబట్టి ఒక్కో గుక్కకి పదమూడు శాతం దాకా ఎక్కువ గాలి, దాంతోపాటు పెట్రోలు. ఒక్కో మంట బలం పెరుగుతుంది, ఇంజిన్ మళ్లీ లేస్తుంది. లేచి 950కి పోయిందా, గుక్కలు 32 అవుతాయి, ఒక్కోదానికి వాటా తగ్గుతుంది, దిగివస్తుంది. ఎవరూ పట్టుకోకుండానే, ఏ కంప్యూటరూ లేకుండానే, పెట్రోలు ఇంజిన్ తన స్లోని తానే కాపాడుకుంటుంది. స్లో స్క్రూ చేసేదల్లా తూము ఎంత తెరవాలో చెప్పడమే.

ఈ అదృష్టం డీజిల్‌కి లేదు. పాతరకం లారీ డీజిల్ ఇంజినుకి బటర్‌ఫ్లై ఉండదు, గాలి ఎప్పుడూ నిండుగా పీలుస్తుంది. బలాన్ని నిర్ణయించేది పంపు ఒక్కో స్ట్రోకుకి కొట్టే డీజిల్. పంపు ర్యాక్‌ని ఒకచోట బిగించి వదిలేస్తే, ఇంజిన్ నెమ్మదించినా వేగం పెరిగినా ఒక్కో స్ట్రోకుకి పడే డీజిల్ ఇంచుమించు అంతే. వెనక్కి లాగే చెయ్యి లేదు. కాస్త బరువు పడితే ఆగిపోతుంది, బరువు తీస్తే పరిగెడుతుంది. అందుకే అలాంటి ప్రతి డీజిల్ పంపులోనూ ఒక గవర్నర్ ఉంటుంది. చుట్లు పెరిగితే దాని బరువులు విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి, చుట్లు తగ్గితే ముడుచుకుని పెంచుతాయి. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి పెట్టిన రెండు గుండ్ల గవర్నర్ వంశమే అది. ఆ గవర్నర్లు ఒక్కోసారి యంత్రాన్ని స్థిరంగా ఉంచకుండా ఉయ్యాల ఊపినట్టు ఊపేవి. ఎందుకలా అని గణితంతో తేల్చింది జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్, 1868లో. సరిదిద్దే చర్య ఆలస్యంగా అందితే, అది తప్పుని తగ్గించకుండా పెంచుతుంది, సారాంశం అదే. విద్యుత్తునీ అయస్కాంతాన్నీ ఒకే సూత్రాల్లో కట్టిన మాక్స్‌వెలే ఈయన. మా ఆటోనగర్ పంపు సర్వీస్ షాపులో కాలిబ్రేషన్ బెంచి మీద పంపుని తిప్పుతూ "హంటింగ్ పోయిందా లేదా" అని చూసే మేస్త్రికి ఆ పేరు తెలియకపోవచ్చు. చూస్తున్నది మాత్రం ఆయన లెక్కనే.

పెట్రోలు ఇంజిన్లోనూ ఆలస్యం ఉంది. సందు దాటిన గాలి నేరుగా సిలిండర్లోకి పోదు, ముందు మానిఫోల్డ్ గొట్టాలు నిండాలి. దానికి ఒకటి రెండు చుట్లు పడుతుంది. ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ ఆలస్యాన్ని రాపిడి మింగేస్తుంది. మిశ్రమం పలచబడి మంటలు తప్పుతున్నప్పుడు మాత్రం బండి ఊగడం మొదలుపెడుతుంది, 600, 1000, మళ్లీ 600. మంట తప్పితే నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే ఒక్కో గుక్క నిండుగా వచ్చి మండుతుంది, మండితే లేస్తుంది, లేస్తే గుక్క పలచబడి మళ్లీ తప్పుతుంది. స్లోలో మంట తప్పడం ఎందుకంత తేలికంటే, సిలిండర్లో తాజా మిశ్రమంతో పాటు కాలిపోయిన పాత పొగ కూడా చాలా ఉంటుంది. ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడి బయటి గాలంత, ఇన్‌టేక్ వైపు అందులో సగం కన్నా తక్కువ. రెండు వాల్వులూ తెరిచి ఉండే ఆ క్షణంలో పొగ వెనక్కి తంతుంది. స్పోర్ట్స్ కార్ల క్యామ్‌షాఫ్ట్‌లో ఆ క్షణం కావాలనే ఎక్కువ పెడతారు, పైన వేగంలో బలం కోసం. కాబట్టి అలాంటి బండి స్లోలో కాస్త ముక్కుతూ మూలుగుతూ ఉంటే అది రోగం కాదు. దాన్ని కుట్టుమిషన్ చేద్దామని కూర్చుంటే బండి పాడవుతుంది, మేస్త్రీ పాడవుతాడు.

ఇక మరమ్మతు. స్లోలో ఆగిపోతోందని చెప్పగానే చెయ్యి స్లో స్క్రూ మీదికి పోవడం డీజిల్ అలవాటు. రెండు తిప్పులు బిగిస్తే బండి నిలబడుతుంది, ఓనరు సంతోషంగా డబ్బులిచ్చి పోతాడు, వారం తిరక్కుండా వెనక్కి వస్తాడు. నా మాటేమిటంటే ఆ స్క్రూ చివర్న తాకాల్సింది. ఎందుకో తెలియాలంటే కార్బరేటర్ లోపలికి చూడాలి.

మెయిన్ జెట్ పెట్రోలు ఇవ్వాలంటే వెంచురీ గొంతులో గాలి జోరుగా పోవాలి. జోరు ఉన్నచోట ఒత్తిడి తగ్గుతుంది, ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు పైకి లాగబడుతుంది. బటర్‌ఫ్లై మూసి ఉన్నప్పుడు వెంచురీలో గాలి కదిలీ కదలనట్టుంటుంది, మెయిన్ జెట్ నిద్రపోతుంది. అందుకని స్లో కోసం వేరే దారి పెడతారు. గిన్నె నుంచి ఒక సన్నటి పైలట్ జెట్, దాంట్లో కాస్త గాలి కలిపి, బటర్‌ఫ్లైకి దిగువన, వాక్యూమ్ గట్టిగా ఉన్నచోట ఒక రంధ్రం. ఆ రంధ్రానికి మిక్చర్ స్క్రూ. దానికి కాస్త ఎగువన, బటర్‌ఫ్లై అంచు మూసి ఉంచే రెండు మూడు చిన్న రంధ్రాలు, కాలు మెల్లగా తొక్కేటప్పుడు ఒక్కొక్కటీ తెరుచుకుని పెట్రోలు ఇవ్వడానికి. స్లో స్క్రూ మరీ బిగించారంటే బటర్‌ఫ్లై అంచు ఆ పై రంధ్రాల్ని దాటిపోతుంది. అప్పుడు బండికి పెట్రోలు అక్కణ్నుంచే అందుతుంది, మిక్చర్ స్క్రూ ఎంత తిప్పినా పలకదు. ఈ పలకకపోవడమే మేస్త్రికి మొదటి ఆధారం. మిక్చర్ స్క్రూని పూర్తిగా లోపలికి తిప్పినా ఇంజిన్ ఆగలేదంటే, పెట్రోలు వేరే దారిన వస్తోంది. ఎంత బయటికి తిప్పినా మెరుగుపడలేదంటే, గాలి వేరే దారిన వస్తోంది, లేదా జెట్ పూడింది.

తెలిసిన మేస్త్రి పని చూడండి. ఇంజిన్ వేడెక్కేదాకా ఊరుకుంటాడు. వాక్యూమ్ గేజీ తగిలించి ముల్లు చూస్తాడు. ముల్లు నిలకడగా 18 దగ్గరుంటే మానిఫోల్డ్ జోలికి పోడు. నిలకడగానే ఉండి 12, 13కి పడిపోయిందంటే లీకు, లేదా టైమింగ్ వెనకపడింది. లెక్కగా టిక్కు టిక్కుమని పడి లేస్తుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవట్లేదు. ట్యాపెట్ బిగుతైపోయి ఉండొచ్చు, సీటు కాలి ఉండొచ్చు. లెక్కాపత్రం లేకుండా అప్పుడప్పుడు పడుతుంటే ప్లగ్గు వైపు చూడాలి. రెండొందల రకాల స్కానర్ల కన్నా ఈ ముల్లు నాకు ఎక్కువ మాట్లాడుతుంది.

తర్వాత లీకు వేట. కార్బరేటర్ కింది ప్యాకింగు, మానిఫోల్డ్ ప్యాకింగు, థ్రాటిల్ షాఫ్ట్ అరిగిన బుష్షులు, డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మీద వాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రమ్, బ్రేకు బూస్టరు గొట్టం. బూస్టరు గొట్టాన్ని గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కితే స్లో మారిందా, దొంగ దొరికాడు. మిగతా జాయింట్ల మీద కార్బరేటర్ క్లీనర్ స్ప్రే ఒక్కో చుక్క. లీకున్న చోట అది లోపలికి లాగబడి మిశ్రమాన్ని మారుస్తుంది, ఇంజిన్ శబ్దం అక్కడికక్కడ మారుతుంది. ఇదే పనికి పెట్రోలు ముంచిన బ్రష్షు వాడేవాళ్లున్నారు. పక్కనే ఎర్రగా కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, ప్లగ్గు వైర్ల మెరుపులు. మంచినీళ్లు స్ప్రే బాటిల్లో పోసి కొట్టినా సగం లీకులు దొరుకుతాయి, ప్రాణం కూడా దక్కుతుంది.

లీకు లేదని తేలితే కార్బరేటర్ విప్పుతారు. పైలట్ జెట్ ఇత్తడి ముక్క, చిటికెన వేలి గోరంత. మేస్త్రి దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని షెడ్డు బయటికొచ్చి ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూస్తాడు. సూది మొనంత గుండ్రటి వెలుగు కనపడాలి. దాని మీద 50 అని రాసి ఉంటే రంధ్రం అర మిల్లీమీటరు. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు ఆరిపోయి లక్కలాంటి పూత మిగులుతుంది, అది పేరుకుంటే ఆ గుండ్రం అర్ధచంద్రాకారం అవుతుంది. ఇక్కడే చాలా జెట్లు చచ్చిపోతాయి. స్టీలు తీగ పెట్టి పొడుస్తారు. అర మిల్లీమీటరు రంధ్రం 0.55 అయ్యిందంటే తేడా మన కంటికి ఆనదు, కానీ వైశాల్యం ఇరవై ఒక్క శాతం పెరిగింది. ఇక ఆ జెట్టు జన్మలో సరైన స్లో ఇవ్వదు. క్లీనర్‌లో నానబెట్టి కంప్రెసర్ గాలి కొట్టడమే మందు. కొన్ని కార్బరేటర్లకి స్లో దారిలో ఒక సోలినాయిడ్ ఉంటుంది, తాళం తిప్పినప్పుడు టక్కుమనాలి. దాని వైరు ఊడిపోయి ఉంటే, కార్బరేటర్ మొత్తం విప్పి కడిగినా బండి స్లోలో నిలబడదు. విప్పే ముందు ఆ టక్కు వినడం మంచిది.

నిప్పు సంగతి త్వరగా ముగిస్తాను. పాయింట్లు కాలాయేమో, గ్యాప్ ఉందో లేదో చూడటం, కండెన్సర్ మార్చడం, టైమింగ్ లైటుతో గుర్తు చూడటం. ఇంజిన్ నడుస్తుండగా ఇన్సులేటెడ్ ప్లయర్‌తో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ లాగి చూస్తే, ఏది లాగినప్పుడు స్లో పడలేదో ఆ సిలిండరు అప్పటికే కూలి చెయ్యడం మానేసింది. కారణం ప్లగ్గో, వాల్వో, ఆ సిలిండరు దగ్గర మానిఫోల్డ్ లీకో కంప్రెషన్ గేజీ తేలుస్తుంది.

రెండు కార్బరేటర్లుండే పాత ఇంగ్లిషు స్పోర్ట్స్ కార్లకు ఇంకో పని అదనం. ఎంజీల్లాంటి బండ్ల ఎస్‌యూ కార్బరేటర్లు రెండూ సమానంగా పీల్చాలి. బారెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బరేటర్ నోట్లో పెట్టి, ఇటూ అటూ సుయ్ శబ్దం ఒకే స్థాయిలో వినపడేదాకా స్క్రూలు తిప్పుతారు. రెండు సందుల్లోనూ గాలి ధ్వని వేగంతోనే పోతుంది కాబట్టి శబ్దం తేడా అంటే సందు సైజు తేడానే. స్టార్మ్ లాంటి ఇంజెక్షన్ బండ్లలో ఈ తిప్పలు లేవు, స్లోని కంప్యూటరు చూసుకుంటుంది. మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచి పెట్రోలు ఇచ్చే బండిలో లీకు పడితే మరో తమాషా: దొంగగాలికి కూడా కంప్యూటరు లెక్కగా పెట్రోలు కలిపేస్తుంది, స్లో పడిపోవడానికి బదులు పెరిగిపోతుంది. ఒకే కన్నం, ఒక బండిని చంపుతుంది, ఇంకోదాన్ని పరిగెత్తిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. విజయవాడకి ప్రత్యేకం ఎండ. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు ఇక్కడ వార్త కాదు. పెట్రోలు ఒకే పదార్థం కాదు, అందులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీలకే ఆవిరవడం మొదలుపెడతాయి. బందరు నుంచి గంటన్నర నడిపి, బండి ఆపి, కాఫీ తాగి వచ్చేసరికి, ఫ్యాను ఆగిన ఇంజిన్ వేడంతా కార్బరేటర్‌కి ఎక్కి ఉంటుంది. ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరిగి మానిఫోల్డ్‌లోకి కారుతుంది, బండి మొరాయిస్తుంది, స్టార్టయినా స్లోలో నల్లటి పొగతో తడబడుతుంది. అదే వేడికి ఇంజిన్ పక్కనుండే ఏసీ పంపులో, అంటే పెట్రోలు లాగే పంపులో, ఆవిరి పడితే గిన్నెకి పెట్రోలే రాదు. మొదటిది ఎక్కువై, రెండోది తక్కువై, లక్షణం మాత్రం ఒకటే. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది రెండోదానికి. మొదటిదానికి తడిగుడ్డ పనిచెయ్యదు. కార్బరేటర్ కింద మందపాటి బేకలైట్ స్పేసరు ఉండాలి, ఎప్పుడో ఎవరో తీసి పారేసి మామూలు ప్యాకింగు పెట్టి ఉంటే దాన్ని వెతికి తెచ్చుకోవాలి.

ఇథనాల్ వచ్చి ఈ లెక్కని ఇంకాస్త కదిలించింది. ఉయ్యూరు వైపు చెరకు తోటల మధ్య నుంచి వచ్చే బండికి అదే చెరకు ట్యాంకులో కూడా ఎదురవుతుంది. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన ఒకటికి 14.7 పాళ్ల గాలి, ఇథనాల్‌కి 9, ఇరవై శాతం కలిపితే 13.5. కంప్యూటరున్న బండి ఆక్సిజన్ సెన్సరుతో చూసి సర్దుకుంటుంది. పాత కార్బరేటర్‌కి కళ్లు లేవు. 14.7 నాటి జెట్లతో అంతే పెట్రోలు ఇస్తుంది, మిశ్రమం ఎనిమిది తొమ్మిది శాతం పలచబడుతుంది. రోడ్డు మీద ఓనరుకి తెలీదు, స్లోలో తెలుస్తుంది. దానికి తోడు పాతకాలపు రబ్బరు గొట్టాలూ, పంపు డయాఫ్రమ్‌లూ ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని అది కరిగించి తెచ్చి పైలట్ జెట్లో పెడుతుంది. వానాకాలం తేమని పీల్చుకుని, ఎక్కువైతే నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి విడిపోతుంది. పాత బండి ఉన్నవాళ్లు అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేయించుకోవడం, రెండోది బండిని నెలల తరబడి నిలబెట్టకపోవడం.

పలచదనానికి మందు జెట్లోనే ఉంది. 50 నంబరు పైలట్ జెట్ తీసి 52 వేస్తే వైశాల్యం ఎనిమిది శాతం పెరుగుతుంది, లెక్క దాదాపు సరిపోతుంది. 52 దొరక్కపోతే 55కి పోవద్దు, అది ఇరవై ఒక్క శాతం. మిక్చర్ స్క్రూని ఇంకో పావు తిప్పు తెరవడమే నయం. కొన్ని కార్బరేటర్లలో ఈ స్క్రూ పెట్రోలు వైపు కాకుండా గాలి వైపు ఉంటుందని మరిచిపోకూడదు, అక్కడ తెరిస్తే ఇంకా పలచబడుతుంది.

అన్నీ అయ్యాక, అప్పుడు స్లో స్క్రూ. దానితో 850 పెట్టి, మిక్చర్ స్క్రూని చుట్లు అన్నిటికన్నా ఎక్కువగా పలికే చోట ఆపి, స్లో స్క్రూని మళ్లీ వెనక్కి తగ్గించి, మళ్లీ మిక్చర్. వాక్యూమ్ ముల్లు ఇంక పైకి పోనని చెప్పేదాకా ఈ రెండింటి మధ్యే. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు పాత పెట్రోలు కార్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ చూసేది కూడా స్లోలోనే, 3 శాతం దాటకూడదు. స్లో సరిగ్గా కుదిరిన బండికి అక్కడ భయం లేదు.

డబ్బులు తీసుకునే ముందు మేస్త్రి బండిని మధ్యాహ్నం పూట బందరు రోడ్డు మీదికి పంపుతాడు, ఏసీ వేసి, హెడ్‌లైట్లు వేసి. అరగంట తిరిగొచ్చాక ఇంజిన్ ఆపి పదిహేను నిమిషాలు బానెట్ మూసే ఉంచి, మళ్లీ స్టార్ట్ చేయిస్తాడు. ఏసీ కంప్రెసర్ క్లచ్ పడ్డప్పుడు చుట్లు ఒక్కసారి కిందికి దిగి రెండు సెకన్లలో మునుపటి చోటికి వస్తే పని అయినట్టే. దిగి అక్కడే ఉండిపోతే ఏసీ పడ్డప్పుడు స్లోని ఎత్తిపట్టే ఐడిల్‌అప్ డయాఫ్రమ్ చూడాలి. నల్లపొగతో తడబడితే ఫ్లోట్ లెవెల్ నుంచి మళ్లీ మొదలు.